కండ పెరిగే వేగమెంత?



ఆదివారపు ఆరాధన ముగిసి మందిరపు అరుగు మీద కూర్చున్నప్పుడు తల్లిదండ్రులు మమ్మును అడిగే ప్రశ్నలు కాలమును బట్టి మారుతుంటాయి. ఒకప్పుడు పిల్లల చదువుల గురించి, సంబంధముల గురించి అడిగేవారు. ఈ మధ్య కొడుకుల జబ్బల గురించి అడుగుతున్నారు. మండల కేంద్రములో జిమ్ము తెరిచారట, మావాడు తెల్లవారకముందే బండి వేసుకొని పోతున్నాడు, అన్నము మానేసి గుడ్ల తెల్లసొన తింటున్నాడు, ఏవో డబ్బాలు తెచ్చి గూట్లో పెడుతున్నాడు, ఇది మంచిదేనా అయ్యగారూ అని వారి ప్రశ్న. పిల్లల ప్రశ్న వేరు. తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు మెల్లగా అడుగుతారు: "ఆరు నెలలైందండీ, ఇంకా బాడీ రాలేదేమండీ?"

ఈ రెండు ప్రశ్నలకు ఈ నెల కలిపి జవాబు రాస్తున్నాము. వ్యాయామము మంచిదే, అందులో వాదము లేదు. చిక్కంతా లెక్కలో ఉంది. ఎంత కండ, ఎన్నాళ్లకు, ఎంత ఖర్చుతో అనే లెక్కను మన యౌవనస్థులకు నిజముగా చెప్పేవారు తక్కువ. తప్పుడు లెక్క చెప్పి డబ్బు చేసుకొనేవారు ఎక్కువ.

దేహబలము మన ప్రాంతమునకు కొత్త కాదు. వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారిని మన తాతలు కలియుగ భీముడు అన్నారు. ఆ రోజుల్లో ఊరూరా తాలింఖానాలు ఉండేవి, దండీలు, బస్కీలు, సంగిడి రాళ్లు ఉండేవి. అదే శ్రీకాకుళము వైపు నుండి వచ్చిన కరణం మల్లీశ్వరిగారు 2000వ సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగములో 110, 130 కలిపి మొత్తము 240 కిలోలు ఎత్తి కంచు పతకము తెచ్చారు. ఒలింపిక్సులో పతకము తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. చిన్నతనములో బరువులు పట్టిన ఆమెకు ఆ పతకము వచ్చేనాటికి వయస్సు 25. మధ్యలో ఎన్ని ఏండ్లు గడిచాయో మన పిల్లలు లెక్క వేసుకోవాలి. ఫోనులో కనిపించే తొంభై రోజుల లెక్క ఆమె ఊరిలో ఎవరికీ తెలియదు.

కండ ఎలా పెరుగుతుందో ముందు చూద్దాము. అలవాటు లేని బరువును కష్టపడి లేపినప్పుడు కండరపు పోగులకు, ఇక ఇంత బరువు మోయవలసి వస్తుంది అన్న కబురు అందుతుంది. తరువాత తిన్న మాంసకృత్తులతో, నిద్రలో, విశ్రాంతిలో ఆ పోగులు కొద్దికొద్దిగా లావెక్కుతాయి. ఈ పని చాలా నెమ్మది. మొదటి నెలలో బరువు ఎక్కువ లేపగలుగుతున్నారంటే అది కండ పెరిగి కాదు, ఉన్న కండను వాడుకోవడము నరములు నేర్చుకొన్నాయి, అంతే. కంటికి కనిపించే మార్పుకు రెండు మూడు నెలలు పడుతుంది. చొక్కా బిగుతు కావడానికి ఇంకా ఎక్కువ.

ఇక్కడ ఒక రైతు మమ్మును అడిగాడు: "మా పాలేరు ముప్పై ఏళ్ల నుండి బస్తాలు మోస్తున్నాడు కదండీ, మరి వాడికి ఆ సినిమా వాళ్ల ఒళ్లు ఎందుకు రాలేదు?" మంచి ప్రశ్న. యూరియా బస్తా 45 కిలోలు. నిరుడూ 45, ఈ ఏడూ 45. మోయడానికి కావలసినంత బలము వచ్చిన తర్వాత అదే బరువు దేహానికి కొత్త కబురు ఏమీ చెప్పదు. బరువు క్రమముగా పెరుగుతూ పోతేనే కండ పెరుగుతుంది. పైగా పగలంతా ఎండలో ఖర్చయిన శక్తికి సరిపడా తిండి అతనికి దొరకదు. అందువల్ల పనివాడి ఒంట్లో బలము, ఓపిక ఉంటాయి, లావు ఉండదు. బలమూ లావూ ఒకటి కావని ఆ పాలేరును చూసి మన పిల్లలు తెలుసుకోవచ్చు. అతనితో పోటీపడి రెండు గంటలు బస్తాలు దించగల జిమ్ము కుర్రవాడిని మేము ఇంకా చూడలేదు.

సరే, ఎంత పెరుగుతుంది? కొత్తగా మొదలు పెట్టిన యువకుడు పద్ధతిగా వ్యాయామము చేసి, కడుపునిండా తిని, బాగా నిద్రపోతే మొదటి సంవత్సరములో నెలకు అర కిలో నుండి, బాగా కలిసివస్తే కిలో వరకు కండ పెరగవచ్చునని అనుభవము గల శిక్షకులు అంటారు. రెండవ సంవత్సరములో అందులో సగము. మూడవ ఏట ఇంకా తక్కువ. ఆపైన ఏడాదికి ఒక కిలో పెరిగినా సంతోషించవలసినదే. ఇది మగపిల్లల లెక్క. ఆడపిల్లలకు కిలోలు తక్కువే పెరిగినా, ఉన్న బలముతో పోల్చితే బలము అంతే బాగా పెరుగుతుంది. బరువులు పడితే ఆడపిల్ల మగవాడిలా అయిపోతుందని భయపడే తల్లులకు చెబుతున్నాము, అలా కావడానికి కావలసిన హార్మోను ఆడవారి ఒంట్లో చాలా తక్కువ.

అందరికీ ఒకేలా పెరుగుతుందని అనుకోకండి. 2005లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో 585 మంది స్త్రీ పురుషుల చేత ఒకే రకము వ్యాయామము 12 వారములు, ఒక చేతికి మాత్రమే చేయించారు. చివర కొలిచి చూస్తే కొందరి కండరము ఏమీ పెరగలేదు, కొలతలో 2 శాతము తగ్గినట్లు కూడా కనిపించింది. కొందరిది 59 శాతము పెరిగింది. మిగిలినవారు ఈ రెంటికి మధ్య. చేసిన పని ఒకటే, పొలము వేరు. ఒకే విత్తనము, ఒకే ఎరువు వేసినా మెరక చేనులో, పల్లపు చేనులో పంట ఒకటిగా రాదని మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. మేనమామ కొడుక్కి ఆరు నెలల్లో ఛాతీ వచ్చింది, నీకెందుకు రాలేదు అని కొడుకును దెప్పే తండ్రులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

పెరుగుదలకు ఒక హద్దు కూడా ఉంది. ఒంట్లో కొవ్వును తీసివేసిన బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతో గుణించిన అంకెతో భాగించితే ఒక సంఖ్య వస్తుంది. 1995లో అచ్చయిన ఒక పరిశోధనలో 157 మంది క్రీడాకారులను ఇలా కొలిచారు. స్టీరాయిడ్ మందులు వాడనివారిలో ఆ సంఖ్య సుమారు 25 దగ్గర ఆగిపోయింది. వాడినవారిలో అనేకులు దానిని దాటిపోయారు. మందుల వాడకము వ్యాపించక ముందు కాలములో, అంటే 1939 నుండి 1959 వరకు మిస్టర్ అమెరికా అయినవారి ఫోటోలు, కొలతలు చూసి లెక్క కడితే వారి సగటు కూడా 25కు కాస్త పైనే, 25.4 వచ్చింది. ఇది గోడ కాదు, కొద్దిమంది దాటవచ్చు. కానీ మన పిల్లవాడికి గురి ఎక్కడ ఉందో ఇది చెబుతుంది. ఐదడుగుల ఏడంగుళాలు, అంటే 170 సెంటీమీటర్ల ఎత్తువాడికి 25 అంటే కొవ్వు లేని బరువు 72 కిలోలు. కొవ్వు కలుపుకొని 80 కిలోలు. అదీ అన్నీ కలిసివచ్చిన వ్యక్తికి, ఏండ్ల తరబడి శ్రమ చేసిన తర్వాత. అదే ఎత్తులో 95 కిలోల బరువుతో, పొట్ట మీద పలకలు తేలి కనిపించే మనిషి ఫోటో చూపించి "నేను గుడ్లు, చికెను తిని పెంచాను" అంటే నమ్మవలసిన పని లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోనును 1935లో ప్రయోగశాలలో తయారు చేశారు. దాని జాతి మందులనే స్టీరాయిడ్లు అంటున్నారు. (ఉబ్బసానికి, కీళ్లవాపుకు డాక్టర్లు ఇచ్చే స్టీరాయిడ్లు వేరే జాతి. ఇది చదివి ఎవరూ ఆ మందులు మానకండి.) 1976 మాంట్రియల్ ఒలింపిక్సు నుండి క్రీడాకారులకు ఈ పరీక్షలు మొదలయ్యాయి. 1988లో సియోల్‌లో నూరు మీటర్ల పరుగు 9.79 సెకండ్లలో గెలిచిన బెన్ జాన్సన్ పతకము పోగొట్టుకొన్నది ఈ మందు వల్లనే. ప్రపంచములో పేరుపొందిన కండల వీరుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ కూడా తన పోటీల రోజుల్లో వాటిని వాడినట్లు తానే ఒప్పుకొన్నాడు.

1996లో అచ్చయిన ఒక పరిశోధన గురించి ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. ఆరోగ్యవంతులైన 43 మంది మగవారిని నాలుగు గుంపులు చేసి పది వారములు చూశారు. వైద్యానికి మామూలుగా ఇచ్చే మోతాదుకు సుమారు ఆరు రెట్ల టెస్టోస్టెరాన్ సూదిని రెండు గుంపులకు వారం వారం ఇచ్చారు. మిగిలిన రెండు గుంపులకు మందు లేని ఉత్త సూది. ఒక్కొక్క జతలో ఒక గుంపు బరువులు ఎత్తింది, రెండవది ఎత్తలేదు. ఉత్త సూది వేసుకొని కష్టపడి బరువులు ఎత్తినవారికి కొవ్వు కాని బరువు దాదాపు 2 కిలోలు పెరిగింది. మందు వేసుకొని వ్యాయామము చేయకుండా కూర్చున్నవారికి 3 కిలోలకు పైగా పెరిగింది. మందూ, వ్యాయామమూ రెండూ ఉన్నవారికి 6 కిలోలు.

ఇంకొకసారి చదవండి. పది వారములు చెమటోడ్చినవాడి కంటే సూది పొడిపించుకొని ఊరకున్నవాడికి ఎక్కువ వచ్చింది. మన పిల్లవాడు ఫోనులో చూసే ఒళ్లలో ఎన్ని ఈ రకముగా వచ్చినవో మనకు తెలియదు. ఆ ఒంటితో తన ఒంటిని పోల్చుకొని, నాలో ఏదో లోపము ఉంది, నేను బద్ధకస్థుడను అని అతడు అనుకొంటున్నాడు. చూపించేవాడు పంట చూపించి ఎరువు దాస్తున్నాడు. మాకు కోపము తెప్పించేది ఇదే. మందు వాడినవాడు తన దేహానికి హాని చేసుకొంటాడు. వాడి దాచిపెట్టినవాడు ఊరి పిల్లల మనస్సుకు కూడా హాని చేస్తాడు.

ఆ హాని ఏమిటంటారా? బయట నుండి హార్మోను వస్తుంటే ఒంట్లో సొంత తయారీ ఆగిపోతుంది. వృషణములు చిన్నవవుతాయి, వీర్యకణములు తగ్గుతాయి, పెండ్లయిన తర్వాత బిడ్డలు కలగకపోవచ్చు. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె దెబ్బ తింటుంది. బిళ్లల రూపములో వాడే కొన్ని రకములు కాలేయమును పాడు చేస్తాయి. ఎదిగే వయస్సు పిల్లలలో ఎముకల చివరలు ముందే మూసుకొనిపోయి ఎత్తు ఆగిపోతుంది. ఇంట్లోవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు మూడు నెలల్లో ఎనిమిది పది కిలోల బరువు, వీపు మీద, భుజముల మీద ఒక్కసారిగా మొటిమలు, రొమ్ము మొన కింద గడ్డలా వాపు, ఎన్నడూ లేని కోపము. కనిపిస్తే కేకలు వేయకండి, పది మందిలో పరువు తీయకండి. నెమ్మదిగా అడిగి, డాక్టరు వద్దకు తీసుకొని వెళ్లి ఉన్నది ఉన్నట్లు చెప్పించండి. మందు ఆపిన తర్వాత సొంత హార్మోను తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు, ఆ రోజుల్లో మనస్సు బాగా కుంగిపోతుంది. అప్పుడు అతనికి వైద్యుడూ కావాలి, ఇల్లూ కావాలి.

మా సంఘములో ఒక తల్లి క్రిందటి సంక్రాంతి తర్వాత ఖాళీ డబ్బా ఒకటి సంచిలో పెట్టుకొని వచ్చింది. "అయ్యగారూ, ఇది మూడు వేల పైమాటండి. నెలకొకటి. మినుములు అమ్మిన డబ్బులు దీనికే పోతన్నాయి. ఇంతకీ ఇందులో ఏముందో చూడండి" అన్నది. చూశాము. ఒక గరిటెలో 24 గ్రాముల మాంసకృత్తులు. అంటే నాలుగు కోడిగుడ్లు. పాల విరుగుడు నీటి నుండి తీసిన పొడి, విషమేమీ కాదు, మాయ కూడా కాదు. "ఇంతేనా?" అన్నదామె. కొడుకును పిలిపించాము. పందొమ్మిదేళ్లు, మంచి పిల్లవాడు, పొడగరి. ఐదు నెలల్లో 54 కిలోల నుండి 57కు వచ్చాడు. జిమ్ములో ఒకరు మూడు నెలల్లో పది కిలోలు అని మాట ఇచ్చారట, రానందుకు "నీ ఒంటికి ఇలా రాదు, ఒక కోర్సు వేసుకోవాలి" అని సూది గురించి చెప్పారట. ఇంకా వేసుకోలేదు. తల దించుకొని, "బడిలో నన్ను ఎండుపుల్ల అనేవారండీ" అన్నాడు. ఆ మాటలో ఐదు నెలల జిమ్మూ, డబ్బాలూ, అన్నీ ఉన్నాయి. మేము కాగితము తీసి పైన రాసిన లెక్కలు అతనికి వేసి చూపించాము. "బాబూ, ఐదు నెలలకు మూడు కిలోలంటే నువ్వు ఓడిపోలేదు, సరిగ్గా నడుస్తున్నావు. నీకు చెప్పిన లెక్క తప్పు" అన్నాము. కాగితము మడిచి జేబులో పెట్టుకొన్నాడు. తల్లి మాత్రము, "అయితే గుడ్లు పెడితే చాలా?" అని గుడ్ల దగ్గరే ఆగింది.

చాలా వరకు చాలు తల్లీ. 2018లో 49 పరిశోధనలను, 1,863 మంది వివరములను కలిపి చూశారు. వ్యాయామము చేసేవారు మాంసకృత్తులు అదనముగా తీసుకొన్నందువల్ల కలిగిన లాభము సగటున 0.3 కిలో మాత్రమే. ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాములు దాటిన తర్వాత ఎంత తిన్నా అదనపు ఫలము కనబడలేదు. 60 కిలోల కుర్రవాడికి అది 96 గ్రాములు. మన వంటింట్లో చూడండి: రోజంతటికీ 400 గ్రాముల బియ్యములో సుమారు 28, 75 గ్రాముల కందిపప్పులో 16, మూడు గుడ్లలో 18, అర లీటరు పాలు లేక పెరుగులో 16, గుప్పెడు, అంటే 50 గ్రాముల వేరుశనగ గింజలలో 12. మొత్తము 90. చేపో, కోడో వండిన రోజున ఇంకా పైకి. కూరలో 30 గ్రాముల మీల్‌మేకర్ వేస్తే 15 గ్రాములు చేరుతాయి. గోదావరి వైపువారికి మెత్తళ్లు ఉండనే ఉన్నాయి. మూడు వేలకు ఎన్ని గుడ్లు వస్తాయో, అసలు పెరట్లో నాలుగు కోళ్లు పెంచితే ఎంత మిగులుతుందో ఆ తల్లికి మాకంటే బాగా తెలుసు.

అన్నము మానేయవద్దు. కండ కట్టాలంటే ఒంటికి శక్తి మిగులు ఉండాలి. సన్నని పిల్లవాడు అన్నము మాని తెల్లసొన తింటే ఉన్నది కూడా కరుగుతుంది. పచ్చి గుడ్లు గొంతులో పోసుకొనే అలవాటు కూడా మానాలి. 1998లో కొలిచి చూస్తే ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు 91 శాతము అరిగాయి, పచ్చి గుడ్డువి 51 శాతమే. సగము గుడ్డు పారబోసినట్లే.

జిమ్ముకు డబ్బు లేనివారు బెంగపడకండి. వారానికి మూడు రోజులు, ఒక్కొక్క రోజు ముప్పావు గంట చాలు. దండీలు, బస్కీలు, గట్టి కొమ్మను పట్టుకొని పైకి లేవడము, ఇసుక నింపిన సంచి ఎత్తడము. ఇక రెండు మూడుసార్లు తప్ప చేయలేను అన్నంత వరకు చేయాలి, సులువైన కొద్దీ సంచిలో ఇసుక పెంచాలి. నడుము వంచకుండా ఎత్తడము ఎవరైనా తెలిసినవారి దగ్గర నేర్చుకోవాలి. రాత్రి ఫోను పక్కన పెట్టి ఏడెనిమిది గంటలు నిద్రపోవాలి. కోత రోజుల్లో పొలము పని ఎక్కువైతే వ్యాయామము తగ్గించుకోవచ్చు, రెండు వారములకు కండ ఎక్కడికీ పోదు.

పోలీసు ఉద్యోగమునకు తయారయ్యే పిల్లలకు ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషనులో మగవారికి ఛాతీ నిండుగా ఊపిరి పీల్చినప్పుడు 86.3 సెంటీమీటర్లు, వ్యాకోచము కనీసము 5 సెంటీమీటర్లు అడిగారు. దీనికి సూదులు అక్కరలేదు. ఏడాది ముందుగా మొదలు పెడితే తిండితో, దండీలతో చాలామందికి అందే కొలతే అది. నోటిఫికేషను పడిన తర్వాత మొదలు పెట్టేవారే సూది చెప్పేవారికి చిక్కుతారు. 1,600 మీటర్ల పరుగు కూడా ఉంది కాబట్టి కండల మోజులో పరుగు మానకండి.

పెద్దవారు ఇది కుర్రవాళ్ల వ్యవహారమని పేజీ తిప్పకండి. 1990లో అచ్చయిన ఒక పరిశోధనలో వృద్ధాశ్రమములోని పది మంది బలహీనులైన ముసలివారి చేత, సగటు వయస్సు తొంభై ఏండ్లు, ఎనిమిది వారములు కాళ్లతో బరువులు ఎత్తించారు. వారి కాళ్ల బలము సగటున 174 శాతము పెరిగింది, తొడ కండరము 9 శాతము పెరిగింది. తొంభై ఏండ్ల దేహము కూడా కబురు అందితే జవాబు ఇస్తుంది. చేతులు ఆన్చకుండా కుర్చీలో నుండి పదిసార్లు లేచి కూర్చోవడముతో మన ఇంటి పెద్దలు మొదలు పెట్టవచ్చు. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.

కొలత విషయము చెప్పి ముగిస్తాము. రోజూ అద్దములో చూసుకొంటే ఏమీ కనిపించదు, రోజూ వరికంకి దగ్గర నిలబడి చూసినా అంతే. ఒక నోటు పుస్తకము పెట్టుకోండి. నెలకొకసారి, ఒకే తేదీన, పొద్దున్న ఏమీ తినక ముందు బరువు, జబ్బ, ఛాతీ, నడుము, తొడ చుట్టుకొలతలు దర్జీ టేపుతో కొలిచి రాయండి. ఎన్ని దండీలు తీశారో, ఎంత బరువు ఎత్తారో పక్కన రాయండి. నడుము పెరగకుండా జబ్బ మూడు నెలలకు ఒక సెంటీమీటరు పెరిగితే బాగా నడుస్తున్నట్లే. మూడు నెలలైనా బరువు కదలకపోతే ముందు తిండి చూసుకోండి, ఆ తర్వాత నిద్ర. పైన చెప్పిన పిల్లవాడు ఈ పుస్తకము పెట్టాడు. మొన్న చూపించాడు, 59 కిలోలు, జబ్బ 29 సెంటీమీటర్లు. వాళ్లమ్మ చేతిరాతతో పక్కన గుడ్ల లెక్క కూడా ఉంది.